అన్నయ్య వెలిగించిన పదకొండు ఇంజన్లు

మా అన్నయ్య గడియారాలు బాగుచేసేవాడు. గడియారాలు పెట్టుకునేవాళ్ళు తగ్గిపోయాక బొమ్మ రైలింజన్లకు లైట్లు పెట్టే పనిలో పడ్డాడు. బొమ్మంటే పిల్లలు ఆడుకునేది కాదు. అసలు ఇంజన్‌ను అచ్చు దించినట్టు జానెడు పొడవున చేసినవి, పెద్దవాళ్ళు ప్రాణంగా చూసుకునేవి. వాటికి లైటు ఉండాల్సినచోట ఉత్త ప్లాస్టిక్ చుక్క ఉంటుంది. అన్నయ్య అక్కడ సన్నటి రంధ్రం చేసి, ఆవగింజంత బల్బు కూర్చి, వెంట్రుకలాంటి తీగ అతికేవాడు. ఇంజన్ ముందుకు పోతే ముందు లైటు, వెనక్కి పోతే వెనక లైటు వెలగాలి.

పెళ్ళి చేసుకోలేదు. కొట్టు వెనక గదిలోనే ఉండేవాడు. ఆదివారం నేను వెళితే కుర్చీ మీది డబ్బాలు తీసి చోటిచ్చేవాడు. మిగతా ఆరు రోజులూ ఆ కుర్చీలో డబ్బాలే కూర్చునేవి.

ఇంజన్లన్నీ వీధి చివరి పళ్ళ డాక్టరుగారివే. ఆయన మేడ మీద గదినిండా పట్టాలు పరిచారని విన్నాం. రెండేళ్ళలో పదకొండు ఇంజన్లు కాంపౌండరు చేత పంపి, లైట్లు పెట్టాక తెప్పించుకున్నారు. అన్నయ్యను మాత్రం ఒక్కసారీ రమ్మనలేదు. అన్నయ్య దగ్గర పట్టాలు లేవు. తను వెలిగించిన ఇంజన్ ఒక్కటైనా నడుస్తుంటే చూసి ఎరగడు.

"చూడాలని లేదా అన్నయ్యా?"

"ఉండదా మరి."

"అయితే అడుగు. అడిగితే నోటి ముత్యాలు రాలిపోతాయా?"

"పళ్ళు రాలితే కట్టడానికి ఆయనున్నాడు. ముత్యాలు రాలితే ఎవరు కడతారే?"

వాడు అడగడని తెలిసి, పన్ను నొప్పి వంకతో వెళ్ళి నేనే అడిగాను. డాక్టరుగారు చాలాసేపు చేతులు కడుక్కున్నారు. "నేనే పిలుద్దామనుకుంటున్నానమ్మా. ఆదివారం తీసుకురండి" అన్నారు. ఆ తటపటాయింపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. మధ్యాహ్నం మూడింటికి డాక్టరుగారు తెరలు దించారు. చీకట్లో రైలు కదిలింది. ఇంజన్ ముందు భాగం నల్లగా ఉంది. వెలుగు వెనకనుంచి వచ్చి పెట్టెల మీద పడుతోంది.

"ఇంకోటి పెట్టండి" అన్నాడు అన్నయ్య. అదీ అంతే. మూడోదీ అంతే.

"అన్నీ ఇంతేనా డాక్టరుగారూ?"

"చెబితే నొచ్చుకుంటారని ఊరుకున్నానండీ. నాకేం ఇబ్బంది లేదు, అలవాటైపోయింది."

"అందుకేనా నన్ను పిలవలేదు?"

డాక్టరుగారు తెర పైకి లాగారు.

అన్నయ్య నేరుగా కొట్టుకు నడిచాడు. కొట్టు తాళం తీస్తూ అన్నాడు. "మోటారు విప్పేసి, ఇంజన్‌ను వెల్లకిలా పడుకోబెట్టి తీగలు కలిపేవాణ్ణే. తిరగేస్తే కుడి ఎడమవుతుంది, కుడి తీగ ఎడమకు పడితే ముందు లైటు బదులు వెనకది వెలుగుతుంది. ముప్ఫయ్యేళ్ళు గడియారాల వెనక మూతలు విప్పినవాణ్ణి, నాకు తెలియొద్దూ?"

మర్నాడే పదకొండూ తెప్పించుకున్నాడు. పది రోజుల్లో తీగలన్నీ మార్చి పంపేశాడు. ఈసారి డాక్టరుగారే కొట్టుకు వచ్చి పిలిచారు. వచ్చే ఆదివారం చూద్దామన్నాడు అన్నయ్య. అలా ఐదు నెలల ఆదివారాలు గడిచాయి.

"ఇప్పుడు సరిగ్గానే వెలుగుతున్నాయిగా, పద" అన్నాను ఒకసారి.

"వెలుగుతాయిలే. ఆయన లైటు చూడడే. నా మొహం చూస్తాడు."

వానాకాలంలో ఒక బుధవారం వాడు పోయాడు. మాకు గురువారం తెలిసింది, కొట్టు తెరవలేదని కాంపౌండరు వచ్చి చెబితే. నేను అడగకుండా ఉండాల్సిందని ఇప్పటికీ అనిపిస్తుంది. అడక్కపోతే మరో పది ఇంజన్లకు తప్పుగానే పెట్టి, సంతోషంగా ఉండేవాడు. అదీ మంచిదేమీ కాదనుకోండి.

నెల తిరిగాక డాక్టరుగారు కబురు పెట్టారు. వెళ్ళాను. తెరలు దించి మొదటి ఇంజన్ నడిపారు. వెలుగు ముందు పడి, పట్టాలు రెండూ మెరిశాయి. మలుపు దగ్గర గోడ మీదికి జారి మళ్ళీ దారిలోకి వచ్చింది.

"చాలామ్మా?"

"ఇంకోటి పెట్టండి" అన్నాను.

పదకొండూ నడిపించాను. అంతసేపూ ఆయన నా వైపు చూడలేదు. నేను కళ్ళు తుడుచుకోలేదు, చీకట్లో అవసరం పడలేదు.