పైడమ్మ గొంతు వెనక చిటపట

1986లో నన్ను విజయవాడ వర్క్‌షాపు నుంచి విశాఖపట్నం బ్రాంచికి సర్వీస్ ఇంజనీరుగా వేశారు. ధ్వని పరికరాలు అమ్మి, అమ్మినవాటిని బాగుచేసి పెట్టే చిన్న కంపెనీ మాది. హోదా ప్రకారం నా పైన బ్రాంచి మేనేజరు ఉన్నారు, నా కింద ఎవరూ లేరు. అంటే స్టూలెక్కి తీగలు లాగడం దగ్గర్నుంచి రిపోర్టు టైపు చేయించడం దాకా అన్నీ నేనే. మాది గుడివాడ వైపు. వచ్చిన కొత్తలో ఇక్కడివాళ్ల వేగానికి నా చెవులు అందుకునేవి కావు. గొంతులో గరగర వినగానే పట్టే చెవులు, మాట మాత్రం రెండోసారి చెప్పించుకునేవి.

వన్ టౌన్‌లో, పూర్ణా మార్కెట్‌కి దగ్గర్లో, ఒక గోడౌను పై అంతస్తులో సత్యనారాయణ గారి రికార్డింగు స్టూడియో ఉండేది. ఆయన పెళ్లిళ్లకూ జాతర్లకూ మైకు సెట్లు అద్దెకిచ్చి పైకొచ్చిన మనిషి. కేసెట్ల గిరాకీ చూసి స్టూడియో పెట్టారు. జముకు వాద్యం మీద పాడుతూ చెప్పే జముకుల కథలు, భజనలు, నాటకాలు అక్కడ రికార్డు చేసేవారు. మా దగ్గర ఒక డిజిటల్ డిలే మిషను కొన్నారు. గొంతును అంకెలుగా మార్చి దాచుకుని, కాస్త ఆలస్యంగా తిరిగి వినిపించే పెట్టె అది. అంతకుముందు అదే పనికి టేపు చుట్ట వాడేవారు, అది సాగేది, తెగేది. ఈ పెట్టెతో చిన్న గదిలో పాడినా రాతి మండపంలో పాడినంత నిండుగా వచ్చేది.

మిషను బిగించి వచ్చిన కొన్నాళ్లకే ఫిర్యాదు వచ్చింది. పాట మధ్యలో గొంతు వెనక చిటపటమని చప్పుడు వస్తోందట. జముకుల కథ చెప్పే పైడమ్మ గారు దాన్ని నాకంటే బాగా వర్ణించారు.

“ఇదేటి బాబూ, నాను కథ సెప్తంటే ఎనకాల ఎవులో పోపేత్తన్నట్టుంది” అన్నారామె.

నేను వెళ్లాను. ఇలాంటి పనికి ఒక వరస ఉంటుంది. మొదట ఎర్తింగు చూడాలి. పరికరాలన్నీ ఒకే చోట భూమికి కలవకపోతే గుంయ్‌మని హోరు వస్తుంది. ఇక్కడ హోరు లేదు. తర్వాత తీగలు మార్చి చూడాలి. మార్చాను. ఆ తర్వాత మిషనును ఒక్కదాన్నే వినాలి. కంట్రోలు రూములో కూర్చుని హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. శుభ్రంగా ఉంది. మిషనును మా బ్రాంచి వర్క్‌షాపుకి తీసుకుపోయి రోజంతా నడిపాను. అక్కడా శుభ్రమే. డాక్టరు గడప తొక్కగానే జ్వరం తగ్గిపోయే రోగులుంటారే, అలా ఉంది యవ్వారం. మిషనులో లోపం లేదని రిపోర్టు రాసి, సంతకం పెట్టి పంపించాను.

మళ్లీ రికార్డింగు పెట్టుకున్నారు. మళ్లీ చిటపట.

ఈసారి సత్యనారాయణ గారు నాకు కబురు పెట్టలేదు. నా రిపోర్టే చాలనుకున్నారు. మిషను బాగుందని ఇంజనీరు రాసిచ్చాడు కాబట్టి తప్పు మిషను ముందు కూర్చునేవాడిదేనని తేల్చేశారు. కూర్చునేవాడు సింహాచలం. స్టూడియోలో రికార్డిస్టు అతనే. ఎలమంచిలి దగ్గర రైతు కుటుంబం, రోజూ రైల్లో వచ్చిపోయేవాడు. మైకు సెట్ల రోజుల నుంచీ ఆయన దగ్గరే ఉన్నాడు. కొత్త మిషను నీకు చేతకాదు, నెలాఖరుకి ఆఖరు, వేరే మనిషిని చూసుకుంటానని అతనితో అనేశారట. ఈ సంగతి సింహాచలం చెప్పలేదు. నేను వేరే పని మీద అటు పోతే పైడమ్మ గారు చెప్పారు.

నాకు ఒళ్లు మండింది. మిషనుకి నేనిచ్చిన మంచి సర్టిఫికెట్టు ఒక మనిషి కూటికి ఎసరు పెట్టింది! నేరుగా సత్యనారాయణ గారి దగ్గరికి వెళ్లి, ఇంకొక్క రికార్డింగు పెట్టించండి, నేను వేలు పెట్టను, ఊరికే కూర్చుని చూస్తానని అడిగాను. ఆయన మొహం చిట్లించారు గాని కాదనలేదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మొదలుపెట్టారు. గాజు అద్దానికి అవతల పైడమ్మ గారు, పక్కన జముకు వాయించేవాళ్లు. ఇవతల సింహాచలం, వెనక కుర్చీలో నేను. హెడ్‌ఫోన్లలో చీమ కూడా చిటుక్కుమనలేదు. టేపు తిప్పే ముందు సింహాచలం లేచి వెళ్లి ఏసీ స్విచ్చి ఆపాడు. ఎందుకని అడిగాను.

“ఇది దడదడలాడిపోద్ది సార్. మైకులో పడిపోద్ది. రికార్డింగు అయినంత సేపూ ఆపీడమే” అన్నాడు.

అప్పటిదాకా నేను పరీక్షించినప్పుడల్లా ఆ ఏసీ నడుస్తూనే ఉంది. నాకు చల్లగా ఉండాలని వాళ్లే మర్యాదకి వేసి పెట్టేవారు.

కథ మొదలైంది. హార్బరు గాలి తగిలే ఊళ్లో, కిటికీలు బిగించిన గదిలో ఏసీ ఆపితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. చొక్కాలు ఒంటికి అంటుకుపోయాయి. పైడమ్మ గారు కొంగుతో మొహం తుడుచుకుంటూనే కథ నడిపిస్తున్నారు. కథ మంచి పాకాన పడింది. సరిగ్గా అప్పుడు, మొదట ఒకటి, తర్వాత వరసగా, చిటపట మొదలైంది.

చప్పుడుకి తేమ కావాలన్నమాట. మా వర్క్‌షాపులోనూ ఉక్క తక్కువేం కాదు, మిషను అక్కడ నోరెత్తలేదు. కాబట్టి మిషనుది కాదు. మిషనుకీ, మైకులన్నీ వచ్చి కలిసే మిక్సరుకీ మధ్య ఉన్నదేదో కావాలి. మధ్యలో ఉన్నది ప్యాచ్ ప్యానెలు. ఏ పరికరాన్ని దేనికి కలపాలన్నా వైర్లు గుచ్చే రంధ్రాల పలక అది. మిషనుకి సరిగ్గా కింద బిగించి ఉంది. ఎప్పటి నుంచో నమ్మకంగా పనిచేస్తున్నది కదా అని దాని జోలికి ఎవరూ పోలేదు. ప్యానెలును వదిలేసి మిక్సరు నుంచి మిషనుకి నేరుగా తీగ వేశాను. చిటపట ఆగిపోయింది.

ప్యానెలు ఊడదీసి వెనక చూస్తే, డిలే మిషనుకి వెళ్లే సాకెట్లు రెండింటిలో జిగట ఎండి అట్టకట్టి ఉంది. ఇత్తడి పచ్చగా చిలుం పట్టింది. అంచున కుంకుమ చార. ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందని సింహాచలాన్ని అడిగాను. తలుపు వైపు చూశాడు. మళ్లీ అడిగితే గొంతు తగ్గించి చెప్పాడు. మిషను బిగించి నేను వెళ్లిపోయాక పూజ చేశారు, కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్లు మిషను నెత్తిన పోశారు. పైపైన గుడ్డతో తుడిచింది ఇతనే. నీళ్లు కిందికి దిగాయేమోనని అనుమానం ఉంది.

మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదయ్యా అన్నాను.

“నాను సెప్తే ఏటంతారు సార్? సేతకాక పూజ మీద తోసీనాడంతారు” అన్నాడు.

కొబ్బరి నీళ్లలో ఉప్పూ ఉంది, చక్కెరా ఉంది. ఎండితే ఊరుకుంటాయి. తేమ తగిలితే మళ్లీ నీరు పట్టి, కరెంటు పారకూడని చోట పారిస్తాయి. ఏసీ నడిస్తే ఎండుతుంది, ఆపితే నానుతుంది. మిషనులో ఏ లోపమూ లేదు, సింహాచలంలో అంతకంటే లేదు.

సత్యనారాయణ గారిని పిలిచి ప్యానెలు ఆయన చేతిలో పెట్టాను. పూజ మాట నేను ఎత్తలేదు. దేవుడి పేరు మీద చేసిన పనికి తప్పు పట్టే అధికారం మా కంపెనీ నాకివ్వలేదు. ఆయన వేలితో ఆ జిగట గీకి, వాసన చూశారు.

“నా సేతుల్తో నానే పోసీనాను కదేటి” అన్నారు. తర్వాత సింహాచలం వైపు చూడకుండానే, “రేపు పెందలాడే వచ్చీ. పైడమ్మ కథ మొదట్నుంచీ ఎత్తుకుందుం” అన్నారు.

క్షమాపణ లాంటిదేమీ వినపడలేదు. నెలాఖరు వచ్చింది, పోయింది, సింహాచలం అక్కడే ఉన్నాడు. సాకెట్లు రెండూ కొత్తవి వేశాను. పైడమ్మ గారి కేసెట్టు జాతర్ల ముందే బయటికొచ్చింది.

తర్వాత ఆ స్టూడియోకి కొత్త టేపు మిషను బిగించడానికి మళ్లీ వెళ్లాను. పూజ మామూలుగానే పెట్టారు. హారతి అయ్యాక సత్యనారాయణ గారు కొబ్బరికాయ తీసి సింహాచలం చేతికిచ్చారు. అతను దాన్ని తీసుకుని మెట్లు దిగి, వీధి గుమ్మం దగ్గర కొట్టి, చిప్పలు మాత్రం పైకి తెచ్చాడు.

అప్పట్నుంచి ఏ స్టూడియోకి పిలిచినా, సంచిలోంచి మీటరు తీసే ముందు వాళ్లు రోజూ పని ఎలా చేసుకుంటారో ఒకసారి కూర్చుని చూసేవాణ్ణి. నాకోసం వేసిన ఏసీ ఆపించేవాణ్ణి. మిషను బాగుందని సంతకం పెట్టడం ఇంజనీరు పనిలో సగమే. మిషను బాగుంటే మరి తప్పు ఎవరి మెడకు చుట్టుకుంటుందో చూసుకోవడం మిగతా సగం.