రాజి అక్క ఓడలు, నా అగ్గిపెట్టెల రేవు

నిన్న ఫోన్‌లో మా పెద్దమ్మ కూతురు రాజి అక్క పెట్టిన ఫోటో చూశాను. విరుదునగర్‌లోని పెద్దమ్మ ఇంట్లో, అద్దాల బీరువాలో తను సేకరించిన పాత లోహపు బొమ్మ ఓడలు. పెద్ద ఓడల్ని లాగే బొటనవేలంత టగ్గు, గిర్రున తిరిగే క్రేను, అడుగున ఎర్రరంగున్న సరుకుల ఓడ.

ఆ ఎర్ర ఓడ కోసం ఎంత కుళ్లుకున్నానో. పెదనాన్న పని చేసిన తూత్తుకుడి హార్బర్ నుంచి వచ్చింది. వేసవి సెలవుల్లో అక్క ఓడలన్నీ నేల మీద పరిచేది, నన్ను మాత్రం తాకనిచ్చేది కాదు.

"ముట్టాకే, పెయింటు పోతాది. నువ్వు రేవు కట్టు."

అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలున్న కోవిల్‌పట్టిలో పెరిగినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, మన ఇళ్లలో ఖాళీ అగ్గిపెట్టెలకు కరువు లేదు. సంచీ నిండా తీసుకెళ్లి, మైదా గంజితో అంటించి గోడౌన్లు కట్టేదాన్ని. వేళ్లకు అగ్గిమందు వాసన రెండు పూటలదాకా వదిలేది కాదు.

ఫోటోలో ఓడల వెనక అవే గోడౌన్లు, రంగు వెలిసిపోయి. వెంటనే ఫోన్ చేశాను.

"ఆ రేవు నాది. ఇచ్చేయక్కా."

"ఎర్ర ఓడ కావాలంటే ఎత్తుకోని పో. రేవు మట్టుం ఇయ్యను."

చిన్నప్పుడు అక్క ఆ మాట అని ఉంటే ఎగిరి గంతేసేదాన్ని. ఇప్పుడు తన ఓడలన్నీ నేను కట్టిన రేవులో ఆగి ఉన్నాయి, ఆ రేవూ తన బీరువాలోనే ఉంది. నాకింకా కుళ్లుగానే ఉంది.