ఊకదుమ్ము మనిషి

దయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్లిపోయే రకం నేను. అలాంటివి చెప్పేవాళ్లను మొహం మీదే వెక్కిరించేవాణ్ణి. ఇప్పుడు నేనే ఒకటి చెప్పబోతున్నాను కాబట్టి, నన్ను వెక్కిరించడానికి మీకు కావలసింది ముందే ఇచ్చేస్తాను. ఆ రాత్రి నేను నిద్రమాత్రలు మింగాను. వాటి మీద కల్లు తాగాను. మత్తులో ఉన్నవాడి మాట ఏం నమ్ముతాం అంటారు. నేనైనా అదే అంటాను. కాకపోతే పూర్తిగా విని అనండి.

తొంభైల మధ్యలో మాట. సారా, బ్రాందీ బందైన రోజులు. నాకు ఇరవై నాలుగేళ్లు. సూర్యాపేట బస్టాండు దగ్గర క్యాసెట్ల షాపులో పని. జనం చీటీ మీద పాటలు రాసిచ్చి పోతే, ఖాళీ క్యాసెట్లోకి ఎక్కించి సాయంత్రానికి ఇచ్చేవాణ్ణి.

అంతకు ముందు ఏడాది మా అమ్మ దవాఖానలో చనిపోయింది. నాన్న ఎప్పుడో పోయాడు. అమ్మ పోయాక నాకు నిద్ర కరువైంది. మందుల షాపులో ఒకతను ఒక మాత్ర ఇచ్చాడు. ఆరు నెలలు తిరిగేసరికి పగలు కూడా మింగుతున్నాను. ఎన్ని మింగినా చాలని స్థితికి వచ్చాను.

అలాంటివాడితో ఊరు ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. నేను కూర్చుంటే హోటల్లో పక్క బల్ల ఖాళీ అయ్యేది. కిరాయింటి ఆమె నేను వస్తుంటే పిల్లల్ని లోపలికి లాక్కునేది. నేనూ వాళ్లను అంతకంత అసహ్యించుకున్నాను. ఎదురొచ్చిన ప్రతివాడి మీదా కోపమే.

నాకు మిగిలింది మా అక్క సుగుణ ఒక్కతే. ఆమెను కోదాడలో ఇచ్చాం. బావ బడిలో డ్రిల్లు మాస్టారు. టీ కూడా ముట్టని మనిషి. వాళ్ల పాపకు చెవులు కుట్టించిన రోజు నేను మత్తులో వెళ్లి, భోజనాల వరసలో విస్తళ్ల మీద పడ్డాను. బావ నన్ను రెక్క పట్టి రోడ్డు దాకా ఈడ్చుకొచ్చాడు.

"మళ్లీ ఈ గుమ్మం తొక్కావంటే కాళ్లు విరగ్గొడతాను. నీకు అక్క లేదనుకో" అన్నాడు.

అక్క తలుపు వెనక నిలబడి చూసింది గాని, ఒక్క మాట అనలేదు. బావ కంటే ఆమె మీదే నాకు ఎక్కువ కసి పుట్టింది.

అది జరిగిన నెలకు మిర్యాలగూడ నుంచి ఒకతను షాపుకు వచ్చాడు. రైసుమిల్లు యజమాని కొడుకు. బెంగళూరులో చదివొచ్చాడు. ఊరి బయట వాళ్ల పాత మిల్లు ఒకటి ఆగిపోయి ఉంటే, దాని గోదాములో శనివారం రాత్రుళ్లు డిస్కో పెడుతున్నాడు. రంగు లైట్లు, నిలువెత్తు సౌండు బాక్సులు, జనరేటరు. దానికి పాటల క్యాసెట్లు కాపీ చేసిమ్మన్నాడు.

అందులో ఒకటి ఇంగ్లీషు పాట. పాట అనడానికి రాగం లేదు. ఒక మగవాడు వెనక దరువుకు తగ్గట్టు మాట్లాడుతూనే ఉంటాడు. రాప్ అంటారని ఆ అబ్బాయే చెప్పాడు. నాకు వచ్చిన ఇంగ్లీషు ముక్కల్లో రెండే దొరికాయి, రాత్రి, ఒంటరి. కాపీ చేసేటప్పుడు పాట మొత్తం వినక తప్పదు. నాలుగు కాపీలు చేశాను. నాలుగుసార్లూ ఆ గొంతు నన్ను ఎరిగినట్టే అనిపించింది.

శనివారం సాయంత్రం బస్సులో క్యాసెట్లు తీసుకెళ్లాను. ఇచ్చేసి వెళ్లిపొమ్మన్నాడు. నేను వెళ్లలేదు. మాత్రలు అప్పటికే మింగి ఉన్నాను. పక్క కల్లు కాంపౌండులో రెండు సీసాలు తాగి, చీకటి పడ్డాక తిరిగొచ్చాను.

లోపల యాభై అరవై మంది ఉంటారు, అంతా మగవాళ్లే. ఎక్కణ్ణించో దొంగచాటుగా తెచ్చిన మందు చేతులు మారుతోంది. నేనూ కాసేపు చేతులూపుతూ ఎగిరాను. ఎవడో వెనక నుంచి తోశాడు. ఇంకొకడు నా చొక్కా మీద గ్లాసు ఒలకబోసి, "క్యాసెట్ల షాపోనికి ఎవడు చెప్పిండ్రా రమ్మని?" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వాడి మీద కలబడే బలం నాకు లేదు. గోదాము వెనక మూలకు పోయి, చీకట్లో గోనెసంచుల కుప్ప మీద పడుకున్నాను. మళ్లీ లేవాలని నాకు లేదు. ఇది ఎవరికీ చెప్పని మాట. ఇక్కడ చెబుతున్నాను.

పన్నెండు గంటలకు డీజిల్ పోయడానికి జనరేటరు ఆపారు. "పన్నెండయింది, అప్పుడే అలిసిన్రా?" అని ఆ అబ్బాయి అరవడం విన్నాను. మళ్లీ కరెంటు రాగానే మొదట వేసింది ఆ మాటల పాటే. ఒళ్లు బరువెక్కిపోతోంది. పాటలో మగగొంతు మాట్లాడుతోంది. దాని మీద ఇంకో గొంతు, మన మాట, నా తల పక్కనే.

"లే. గిది నేను పండే జాగ."

కళ్లు తెరిచాను. యాభై ఏళ్ల మనిషి. పైన చొక్కా లేదు, మోకాళ్ల దాకా లుంగీ. జుట్టు, కనుబొమలు, ఛాతీ అంతా ఊకదుమ్ము. భుజాన హమాలీలు బస్తాలు లాగే ఇనుప కొక్కెం. నేను బూతు తిట్టి అటు తిరిగి పడుకున్నాను.

జుట్టు పట్టి తల పైకి లేపాడు. ఆ మొహంలో ఉన్న అసహ్యం నేను ఇంకెవరి మొహంలోనూ చూడలేదు.

"మీ అవ్వ పొద్దుగాల్నుంచి నా పానం తింటుంది, నిన్ను ఈడికెల్లి లేపమని. ఆమె నీళ్లడిగితే లేవకపోతివి. ఇప్పుడు గూడ నిద్రేనా?"

అవ్వ అన్నది మా అమ్మనే. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. దవాఖానలో అమ్మ ఆఖరి రాత్రి నేను ఆమె మంచం కింద పడుకున్నాను. నడిరాత్రి "నీళ్లు" అన్నది. విన్నాను. పది రోజుల నుంచి నిద్ర లేదు, ఒక్క నిమిషం ఆగి లేద్దామనుకున్నాను. తెల్లారి లేచేసరికి అమ్మ చల్లబడి ఉంది. నేను విన్న సంగతి అక్కకు కూడా చెప్పలేదు. ఆ నిద్ర గురించి తెలిసినవాళ్లు లోకంలో ఎవరూ లేరు.

నేను నోరు తెరిచేలోగా అతను కొక్కెం నా చొక్కా కాలరుకు తగిలించి, బస్తాను లాగినట్టు లాగాడు. వీపు నేలకు గీరుకుపోవడం తెలుస్తోంది. తలుపు చప్పుడు విన్నాను. చలిగాలి తగిలింది. చెంప మీద ఒక దెబ్బ. ఆ తర్వాత ఏమీ గుర్తు లేదు.

తెల్లవారుజామున ఎవరో కర్రతో డొక్కలో పొడిస్తే మెలకువ వచ్చింది. మిల్లు కాపలా ముసలాయన. గోదాము వెనక ఊకకుప్ప మీద పడి ఉన్నాను. చుట్టూ నేను కక్కుకున్నది.

"ఎట్లొచ్చినవ్ ఈడికి? గోడ దుంకినవా?" అని అరిచాడు.

ఈ తలుపు లోంచే అని వెనక తలుపు చూపించాను. ఆయన నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు. ఆ తలుపుకు బయట నుంచి తాళం ఉంది. తుప్పు పట్టి గొళ్లేనికి అతుక్కుపోయింది. మిల్లు ఆగినప్పటి నుంచి తియ్యలేదట. ముందు గేటు దగ్గర రాత్రంతా తనే కూర్చున్నాడట, నేను అటు నుంచి బయటికి రాలేదట.

ఊకదుమ్ము మనిషి గురించి అడిగాను. ఇక్కడెవరైనా హమాలీ చనిపోయాడా అని కూడా అడిగాను.

"మిల్లు కట్టినప్పటిసంది నేనే ఉన్న. ఈడ ఎవ్వడు సావలే. మత్తుమందు మింగి నా మిల్లుకు చెడ్డపేరు పెడ్తవా? నడువ్!" అని గేటు బయటికి నెట్టాడు.

చొక్కా విప్పి చూసుకుంటే కాలరు కింద వేలు పట్టేంత చిరుగు. మెడ వెనక చర్మం తెగి రక్తం గడ్డకట్టింది.

సూర్యాపేట బస్సు ఎక్కలేదు. కోదాడ బస్సు ఎక్కాను. బావ కాళ్లు విరగ్గొట్టినా సరే, ఆ నీళ్ల సంగతి అక్కకు చెప్పకుండా ఇంకో రాత్రి గడపలేననిపించింది.

గుమ్మం ముందు బావ కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు గాని, చెయ్యి ఎత్తలేదు. మొహం పాలిపోయింది.

"బతికే ఉన్నావా?" అన్నాడు. నేను ఒక్క మాటా మాట్లాడకముందే, "ఎవడ్రా వాడు, నువ్వు పంపినవాడు?" అన్నాడు.

నేనెవరినీ పంపలేదన్నాను. అప్పుడు చెప్పాడు. "రాత్రి పన్నెండు దాటగానే తలుపు విరిగేటట్టు బాదాడు. ఒళ్లంతా ఊకదుమ్ము, భుజాన కొక్కెం. నీ బామ్మర్ది మిర్యాలగూడ మిల్లుల వడ్డడు, పోయి తెచ్చుకో అన్నాడు. నేను రానన్నాను. చస్తే కబురు చెయ్యి అని తలుపేసుకున్నాను."

అక్క లోపలి నుంచి వచ్చింది. ఆమె ఆ మనిషిని చూడలేదు గాని, గొంతు విన్నది. రాత్రంతా బావతో పోరాడిందట, పొమ్మని. బావ కదల్లేదు.

అతను నన్ను గోదాములో లాగింది కూడా ఆ వేళకే. మిర్యాలగూడ నుంచి కోదాడకు బస్సులో గంటన్నర దారి.

నేను అక్కకు నీళ్ల సంగతి చెప్పాను. "నేనుంటే నేను గూడ పండుకుందును తమ్మి" అన్నది అక్క. లోపలికి పిలిచి అన్నం పెట్టింది. బావ అడ్డు చెప్పలేదు.

వాళ్లింట్లోనే ఏడు నెలలు ఉన్నాను. బావే డాక్టరు దగ్గరికి తిప్పాడు. మాత్రలు మానడం ఎంత నరకమో వేరే రాయాలి. ప్రేమగా చూశాడని చెప్పను. తిడుతూనే తిప్పాడు. మధ్యలో ఒక ఆదివారం, నాకు చెప్పకుండా మిర్యాలగూడ వెళ్లి ఆ తాళం చూసొచ్చాడు. చుట్టుపక్కల మిల్లుల్లో హమాలీలను అడిగాడు. అలాంటి మనిషి ఎవరికీ తెలియదు. ఆ తర్వాత బావ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

నేను చూసింది మత్తు అనుకోవచ్చు. నా మనసులో ఉన్న నీళ్ల మాట నాకే వినిపించిందనుకోవచ్చు. చొక్కా ఏ మేకుకో చిరిగిందనుకోవచ్చు. బావ తెరిచిన తలుపు ముందు నిలబడింది ఎవరు?

అమ్మే పంపిందని అక్క నమ్మకం. ఏటా అమ్మ పోయిన రోజున చెంబుతో నీళ్లు పెట్టి దండం పెట్టుకుంటుంది. నేను ఆమె మాట కాదనను, అవుననలేను. అమ్మ పంపినవాడైతే కాస్తయినా జాలి ఉండాలి కదా. నా జుట్టు పట్టుకున్న ఆ పిడికిలిలో జాలి లేదు. నేను బతకడం అతనికి ఇష్టం లేదు. అయినా లాగాడు. ఎందుకు లాగాడో నాకు ఈ రోజుకీ తెలియదు.