బామ్మ తెల్లగుడ్డ

ఆదివారం తలస్నానం కాగానే బామ్మ మనవరాలిని కిటికీ దగ్గర కూర్చోబెట్టి, తడిజుట్టును పాయలుగా తీసి పేలదువ్వెనతో దువ్వుతుంది. దువ్విన ప్రతిసారీ దువ్వెన పళ్ళను తెల్లగుడ్డకు తుడుస్తుంది. అయినా పై ఆదివారానికి పేలు మళ్ళీ హాజరు! మనవరాలు బడిలో ఎదురింటి పిల్లతో తలకు తల ఆనించి కూర్చుంటుందని తెలిసి, బామ్మ దువ్వెనా గుడ్డా పట్టుకుని ఆ ఎదురింటికే వెళ్ళింది.

"మా ఇంట్లో పేలా!" అని ఎదురింటావిడ కస్సుమంది.

"ఉన్నాయో లేదో గుడ్డే చెబుతుందిలే అమ్మా."

ఆ పిల్ల తలలో ఒక్క దువ్వుకే గుడ్డ మీద పేలు పరుగులు తీశాయి. ఎదురింటావిడ చెయ్యి తన కొప్పు మీదికి పోయింది. ఆ నెలంతా బామ్మ ముందు మూడు తలలు వరస కట్టాయి. చివరికో ఆదివారం దువ్వడం అయ్యాక బామ్మ జుట్టు తడికి తడిసిన గుడ్డను దండెం మీద ఆరేయబోతుంటే, "అప్పుడే ఉతికేశారా పిన్నిగారూ?" అంది ఎదురింటావిడ.

బామ్మ గుడ్డను టపాలున దులిపి, "ఉతకడానికి దీనిమీద ఏముందమ్మా!" అంది.