ముప్పై రోజుల కుకీ

తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజుల్లో నేను యూనివర్సిటీ క్యాంపస్‌లోని కంప్యూటర్ విభాగంలో ప్రోగ్రామర్‌ని. తార్నాకలో బస్సు దిగి నడిచి వెళ్లేదాన్ని. పరీక్ష దరఖాస్తుల వెబ్‌సైటు నేనే రాశాను. లాగిన్ అయిన విద్యార్థి ఎవరో గుర్తుంచుకోవడానికి సైటు బ్రౌజర్‌లో ఒక చిన్న గుర్తు దాస్తుంది. దాన్నే కుకీ అంటారు. నేను పెట్టింది సెషన్ కుకీ. బ్రౌజర్ మూసినా, కరెంటు పోయి కంప్యూటర్ ఆగినా అది పోతుంది, మళ్లీ పాస్‌వర్డ్ కొట్టాలి. విద్యార్థులందరికీ కలిపి ఉన్నవి పన్నెండు కంప్యూటర్లు. ఒకరు లేస్తే ఇంకొకరు కూర్చునేవారు. అక్కడ వేరే పద్ధతి పనికిరాదు.

నా పక్క సీటు ప్రోగ్రామర్ నల్గొండ వైపు రైతు బిడ్డ. నాది కడప. కరెంటు పోయినప్పుడల్లా విద్యార్థులు వచ్చి, మళ్లీ లాగిన్ కావాల్సొస్తోందని అతనికే చెప్పుకునేవారు. ఒక సోమవారం మా అధికారి ఎదుటే అతను నాతో అన్నాడు:

"మా పోరగాళ్లు బయట లాఠీలు తింటున్నరు మేడం. లోపలికొస్తే మీ పేజీ గూడ బయటికి నూకుతది. మీ సీమోళ్లకు మేమంటే గంత కోపం ఏంది?"

అధికారి నవ్వాడు. కుకీని ముప్పై రోజులు నిలిచేలా మార్చమని నోటిమాటగా చెప్పాడు. అలా నిలిచే కుకీ కరెంటు పోయినా పోదు, సీట్లో మనిషి మారినా పోదు. ఆ సంగతి నేను చెప్పలేదు. జరగనీ, అప్పుడు తెలిసొస్తుంది అనుకున్నాను. పదకొండు నిమిషాల్లో మార్చాను.

తొమ్మిదో రోజు బాష్పవాయువు విద్యార్థుల కంప్యూటర్ల గదిలోకి వచ్చింది. లాలాపేట్ నుంచి వచ్చే ఎం.ఏ. అమ్మాయి దరఖాస్తు పంపి, లాగౌట్ చేయకుండానే బయటికి పరిగెత్తింది. కరెంటు కూడా పోయింది. కరెంటు తిరిగి వచ్చాక ఆ సీట్లో కూర్చున్నవాడికి ఆమె పేజీయే తెరుచుకుంది. పైన పేరు చూడకుండా తన పేపర్లు ఎంచుకుని పంపేశాడు.

హాల్‌టికెట్‌లో తాను చదివిన పేపరు లేదని ఆ అమ్మాయి మా గదికి వచ్చింది. పరీక్షకు మూడు రోజులుంది. పాస్‌వర్డ్ ఎవరికో ఇచ్చి ఉంటావని అధికారి కసిరాడు. ఇచ్చానని రాసి సంతకం పెడితే వచ్చే ఏడాది పరీక్ష రాయనిస్తారన్నాడు. పక్క సీటతను తెర వైపే చూస్తూ కూర్చున్నాడు.

"నేనెవ్వరికి ఇయ్యలే మేడం," అంది నాతో. "ఏడాది ఆగుమంటే మా ఇంట్ల చదువు బంద్ చేస్తరు."

ఏ పని ఎప్పుడు జరిగిందో నమోదయ్యే సర్వర్ లాగ్ ప్రింటు తీశాను. పాస్‌వర్డ్ కొట్టింది 11.20కి. మళ్లీ కొట్టకుండానే దరఖాస్తు మారింది 12.05కి. వాటి కింద, ఇది సైటు లోపం, ప్రమాదం తెలిసే నేను మార్చాను అని రాసి సంతకం చేశాను. అధికారి ఆ కాగితం ముట్టుకోలేదు. పరీక్షల విభాగానికి నేనే పట్టుకెళ్లాను. సాయంత్రం నాలుగింటికి సవరించిన హాల్‌టికెట్ ఇచ్చారు. వెనక్కొచ్చి, ఎవరినీ అడగకుండా, సెషన్ కుకీ మళ్లీ పెట్టాను.

"మీరు గప్పుడే చెప్తే అయిపోతుండె గద మేడం," అన్నాడు పక్క సీటతను.

అది నిజమే. అయినా నేను రిటైరయ్యే వరకు, పని మాటలు తప్ప, అతనితో మాట్లాడలేదు.