బస్సంతా కాపు కాసిన నిద్ర

ఆ రోజుల్లో ఒక ఆడపిల్ల పేరు పది ఊళ్లలో వినపడాలంటే చదువులో ఫస్టు రావాలి, లేదంటే ఎవరితోనైనా లేచిపోవాలి. నేను ఆ రెండూ చేయకుండానే కారంపూడి నుంచి నర్సరావుపేట దాకా పేరు తెచ్చుకున్నాను. నా ఘనతల్లా ఒక్కటే, నాకు రాత్రిళ్లు నిద్ర పట్టదు. ఇప్పుడీ మాట ఇంత నింపాదిగా రాస్తున్నానంటే నిన్న రాత్రి హాయిగా పడుకున్నాను కాబట్టి. అప్పట్లో ఎవరైనా నా ముందు ఆవలిస్తే వాళ్లను కొట్టాలనిపించేది. నిద్ర లేని మనిషికి కోపం తప్ప వేరే గుణం మిగలదు. మీలో ఎవరైనా పైకప్పు చూసీ చూసీ విసిగిపోయి ఈ కాగితం చేతిలోకి తీసుకుని ఉంటే, మీకోసం ముందే చెప్పేస్తున్నాను, ఈ కథలో చివరికి నేను నిద్రపోతాను. ధైర్యంగా చదవండి.

కళ్ల పరీక్షలు చేసే డిప్లొమా పూర్తికాగానే నర్సరావుపేటలో ఒక కళ్లద్దాల షాపులో నాకు ఉద్యోగం దొరికింది. షాపు యజమానిని అందరం షావుకారు గారనే పిలిచేవాళ్లం. ఇంట్లో నాన్నకు ఈ ఉద్యోగం ఇష్టం లేదు. ఆడపిల్ల రోజూ అంతదూరం బస్సుల్లో తిరగడమేమిటని ఆయన బాధ. అమ్మ కాళ్లావేళ్లా పడితే, ఒక్క మాట వచ్చినా ఇంట్లో కూర్చోవాలన్న ఒప్పందం మీద వదిలాడు. మాచర్ల నుంచి మా ఊరు కారంపూడి మీదుగా వెళ్లే తొలి బస్సు ఎక్కితేనే షాపు తలుపులు తీసే వేళకు చేరతాను. అది తప్పితే రెండో బస్సు ఎప్పుడో ఎండెక్కాక. అందుకని బస్సు పోతుందేమోనని రాత్రి లేచి ఫోనులో టైము చూడడం మొదలుపెట్టాను. ఒకసారి చూసిన దాన్ని పదిసార్లు చూడడం అలవాటైంది. కొన్నాళ్లకు బస్సు భయం పోయి, నిద్ర రాదేమోనన్న భయం దాని చోట్లో కూర్చుంది. మంచం చూస్తేనే గుండె దడదడలాడేది.

ఇక వైద్యాలు. అమ్మ గసగసాలు నూరి పాలలో కలిపి ఇచ్చేది, అరికాళ్లకు నెయ్యి రాసేది, తలకు ఆముదం పెట్టేది (మరునాడు షాపులో నా పక్కన ఎవరూ నిలబడేవాళ్లు కాదు). నాన్న ఎవరో చెప్పారని దక్షిణం వైపున్న నా మంచాన్ని తూర్పుకు తిప్పాడు, అదీ కుదరకపోతే పడమటికి తిప్పాడు. రాత్రి లేచి నీళ్లకు వెళ్లబోయిన నేను గోడకు గుద్దుకుని నుదురు బొప్పి కట్టించుకున్నాను. నా వంతుగా నేను ఫోనులో నిద్ర పట్టడం ఎలా అనే వీడియోలు తెల్లవారేదాకా చూసేదాన్ని. ఫోను చూడొద్దని చెప్పే వీడియోలు కూడా అందులోనే చూశాను.

షాపులో చీకటి గది ఒకటి ఉంటుంది. మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, ఎదురుగా అక్షరాల పలక వెలిగించి, అద్దాలు మారుస్తూ "ఇది బాగుందా, ఇందాకటిది బాగుందా" అని మెత్తగా అడగడం నా పని. చీకటి, ఫ్యాను గాలి, మెత్తటి గొంతు. నిద్ర లేని మనిషిని చంపడానికి ఇంతకంటే ఏం కావాలి? ఒకనాడు రొంపిచర్ల నుంచి వచ్చిన పెద్దాయన్ని ఒక కన్ను అరచేత్తో మూసుకోమన్నాను. తర్వాత నాకు వినిపించింది షావుకారు గారి గొంతు. మధ్యలో ఎంతసేపు గడిచిందో నాకు తెలీదు. ఆ పెద్దాయన మాత్రం నేను మూసుకోమన్న కన్ను మూసుకునే ఉన్నాడు. బయటికి వెళ్తూ షావుకారు గారితో, "అమ్మాయి చానా నిదానంగా చూస్తది, ఇంత ఓపిగ్గా ఎవురూ చూడలా" అని మెచ్చుకుని వెళ్లాడు.

షావుకారు గారు నన్ను పిలిచి కూర్చోమన్నారు. తిట్టలేదు, అందుకే నాకు భయమేసింది. "అమ్మాయ్, కళ్లజోళ్లు అమ్మే చోట నీ కళ్లే మిరపకాయల్లా ఉంటే వచ్చినోళ్లకు నమ్మకం ఏముంటది? ముందు ఆ పిల్లనే చూపించుకోమనండి అంటన్నారు నాతో. దసరా దాకా చూస్తా. ఆ తర్వాత ఇంకొకళ్లను పెట్టుకుంటా" అన్నారు. ఆ మాట ఇంట్లో చెప్పలేదు. చెబితే నాన్న దసరా దాకా కూడా ఆగడని తెలుసు.

ఇన్ని బాధల్లో నాకున్న ఒకే ఒక్క సుఖం ఆ తొలి బస్సు. అసలు మా పల్నాడులో ఇద్దరు ప్రేమగా మాట్లాడుకున్నా కొత్తవాళ్లు తగాదా అనుకుంటారు. అలాంటి బస్సు నా కోసం నోరు మూసుకునేది. దారిలో ఒక ఊళ్లో పంతులమ్మగా పనిచేసే టీచరక్క మాచర్లలోనే ఎక్కి, కిటికీ పక్క సీట్లో తన సంచి పెట్టి నాకు అట్టిపెట్టేది. తువ్వాలు వేసి సీటు పట్టుకునే మొనగాళ్లు కూడా ఆ సంచి జోలికి వచ్చేవాళ్లు కాదు. నేను కూర్చోగానే కండక్టరు మామ (వరసకు మామ కాదు, బస్సుకంతా మామే) "మెల్లిగా, మెల్లిగా. పిల్లకి రాత్రి నిద్ర ఉండదు, ఇక్కడన్నా పడుకోనీండి" అని అందర్నీ అదిలించేవాడు. ఫోనుల్లో పాటలు ఆగిపోయేవి. పూలబుట్టతో నర్సరావుపేట వెళ్లే పూలమ్మ తన మడత దుప్పటి నా తల కింద పెట్టేది. ఒకసారి పుంజులతో ఎక్కినాయన్ని, అవి కూస్తే నేను లేస్తానని వెనక సీటుకు తరిమారు. సాయంత్రం తిరుగు ప్రయాణంలోనూ దాదాపు వాళ్లే, దాదాపు ఇదే వరస. రెండు పూటలా ఒళ్లు తెలీకుండా పడుకుని, ఇంటికి చేరేసరికి పెళ్లింటి లైటులా వెలిగిపోతూ ఉండేదాన్ని.

టీచరక్క నన్ను ఒక ఆదివారం వాళ్ల చర్చికి కూడా తీసుకెళ్లింది. అందరూ నా నిద్ర కోసం ప్రార్థన చేశారు. ప్రసంగం మొదలైన కాసేపటికే నేను ఆమె భుజం మీద వాలిపోయానట. ప్రార్థన ఇంత త్వరగా ఫలించినందుకు వాళ్లెంత సంతోషించారంటే, కూడిక అయిపోయాక కూడా నన్నెవరూ లేపలేదు. మధ్యాహ్నానికి లేచి చూస్తే హాల్లో నేనూ, పక్కన విసనకర్రతో టీచరక్కా ఉన్నాం. ఆ రాత్రి మళ్లీ కంటి మీద కునుకు లేదు.

చివరికి ఆమే నన్ను నర్సరావుపేటలో తనకు తెలిసిన డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్లింది. ఒక మాత్ర రాయించుకుని బయటపడదామని నా ఆలోచన. ఆమె మాత్ర సంగతి ఎత్తకుండా, పొద్దున లేచింది మొదలు రోజంతా చెప్పమంది. బస్సులో ఏం చేస్తావంటే కూర్చుంటానని చెప్పాను. టీచరక్కకు అబద్ధం చేతకాదు. "కూర్చోదండీ, పడుకుంటది. దిగేటప్పుడు మేమే లేపుతాం" అంది. సాయంత్రం బస్సు సంగతీ చెప్పేసింది. మధ్యాహ్నం అన్నం తిన్నాక షాపులో బల్ల మీద తల వాలుస్తానని, ఆదివారం ఎండెక్కేదాకా లేవనని మిగతాది నా నోటితోనే చెప్పించింది డాక్టరమ్మ. అంతా విని పెన్ను పక్కన పెట్టి, "దారంతా తింటూ వచ్చి, ఆకలి లేదంటే ఎట్టామ్మా?" అంది.

నాకు ఒళ్లు మండింది. ఇన్ని నెలల నరకం ఈమెకు వేళాకోళంగా ఉందనుకుని లేచి నిలబడ్డాను. ఆమె నన్ను కూర్చోబెట్టింది. నిద్ర పట్టకపోవడం నిజమే, ఆ భయమూ నిజమే, రెండూ తగ్గేవే అని చెప్పింది. ఆ మాటకు నా కళ్లలో నీళ్లు తిరిగాయి. అప్పటిదాకా అందరూ వైద్యం చెప్పారు గానీ, తగ్గుతుందని ఎవరూ చెప్పలేదు. కొందరికి మాత్రలు ఇవ్వక తప్పదు, నీకు మాత్రం ముందు ఇది చేసి చూద్దామంటూ నియమాలు పెట్టింది. పగలు కునుకు తీయకూడదు. బాగా నిద్ర ముంచుకొచ్చాకే, అదీ ఆలస్యంగా, మంచమెక్కాలి. పట్టకపోతే దొర్లకుండా లేచి వేరేచోట కూర్చోవాలి. ఎంత ఆలస్యంగా పడుకున్నా పొద్దున ఒకే వేళకు లేవాలి, ఆదివారమైనా సరే. ఫోను వంటింట్లో, గడియారం మొహం గోడకు. మధ్యాహ్నం దాటాక టీ లేదు. ఇంటికెళ్లి చెబితే నాన్న, "నిద్ర రాటంలేదని పోతే పడుకోవద్దందా? దీనికి ఫీజు కూడా తీసుకుందా?" అని తెల్లబోయాడు.

అసలు కష్టం బస్సులో చెప్పడం. నన్ను పడుకోనివ్వొద్దని కండక్టరు మామకు చెప్పేసరికి ఆయన ముఖం చిన్నబోయింది. "ఏంది, ఇన్నాళ్లూ మేం చేసిన మేలే నీకు జబ్బయిందా?" అన్నాడు. అంతలో తానే బస్సు వైపు తిరిగాడు. "ఇదుగో వినండి. ఇయ్యాళ్టి నుంచి ఈ పిల్ల కన్ను మూస్తే మీ పూచీ. డాక్టరు చెప్పింది" అని, ఇన్నాళ్లూ అందర్నీ అదిలించిన గొంతుతోనే చాటింపు వేశాడు.

ఆ తర్వాత నేను పడ్డ హింస చెప్పేది కాదు. నన్ను నిద్రపుచ్చినంత శ్రద్ధగా మేలుకొలిపారు. ఎవరో పసిబిడ్డను తెచ్చి ఒళ్లో పడేసేవాళ్లు. పూలమ్మ బుట్టెడు మల్లెలు ముందు పెట్టి మాల కట్టమనేది (నేను కట్టిన మాలలు ఆమె దిగాక విప్పి మళ్లీ కట్టుకునేదని తర్వాత తెలిసింది). తల కాస్త వాలితే చాలు, నాలుగు వైపుల నుంచి "ఏమే అమ్మాయ్" అని కేకలు. పుంజులాయన్ని ముందు సీటుకు పిలిపించారు. రాత్రి ఇంట్లో అంతకంటే ఘోరం. నాకు తోడుగా మెలకువగా ఉంటానని అమ్మ వరండాలో కుర్చీ వేసుకునేది, క్షణంలో గుర్రు పెట్టేది. ఆమె గురక వింటూ డాక్టరమ్మను నోటికొచ్చినట్లు తిట్టుకునేదాన్ని. మొదట్లో పరిస్థితి ఇంకా పాడైంది. షాపులో నిలబడే నిద్రపోయేలా ఉన్నాను. దసరా దగ్గరపడుతోంది.

మెలకువ కోసం నాకు తెలిసిన విద్యే మొదలుపెట్టాను. కండక్టరు మామ టికెట్ల మిషన్ను చెయ్యి చాచి దూరంగా పట్టుకుని చూస్తున్నాడని అప్పుడే గమనించాను (అన్నాళ్లూ కళ్లు మూసుకుని ప్రయాణం చేశాను కదా). దగ్గరి చూపు తగ్గింది, జోడు కావాలన్నాను. నాకేమంత వయసైందని పోట్లాడాడు. ఆ వారంలోనే షాపుకు వచ్చి జోడు వేయించుకుని, మరునాడు బస్సులో పెళ్లికొడుకులా నిలబడ్డాడు. దాంతో మా కళ్లూ చూడమని బస్సంతా నా మీద పడింది. దూరంగా కనబడే ఎరువుల కొట్టు బోర్డు నా అక్షరాల పలక. పూలమ్మకు చదువు రాదు కాబట్టి ఆమెకు పొలాల్లో గేదెలను లెక్కపెట్టే పరీక్ష. ఇంత సందట్లో కునుకు ఎక్కణ్నుంచి వస్తుంది? కొన్నాళ్లకు సాయంత్రం ఇల్లు చేరేసరికి ఒళ్లు బరువెక్కడం, అన్నం తింటుంటే కళ్లు మూతలు పడడం మొదలైంది. మంచం అంటే ఉన్న దడ కూడా మెల్లమెల్లగా తగ్గింది.

ఒక పొద్దున కళ్లు తెరిచేసరికి నా పాదాల మీద ఎండ పడుతోంది. పనిరోజున అంత ఎండ పక్క మీద నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. తొలి బస్సు పోయింది. గడియారం అలారం మోగితే నేనే నిద్రలో నొక్కేశానట. లేపడానికి వచ్చిన అమ్మ, నన్ను చూసి చేతులు రాక, బయటికెళ్లి బస్సుకు అడ్డం నిలబడి చెప్పిందట, అమ్మాయి నిద్రపోతోందని. బస్సులో ఒక్కసారి సద్దుమణిగిందట. కండక్టరు మామ డ్రైవరు భుజం తట్టి, "హారన్ కొట్టబాకు, పోనీయ్" అన్నాడట. నేను ఏడుస్తూ, నా ఉద్యోగం పోతుందని అమ్మను తిట్టాను. అమ్మ నా జుట్టు సవరిస్తూ, "పోతే పోయింది. నిన్నట్టా చూసి ఎన్నాళ్లయిందో నీకేం తెలుసు" అంది. ఆ మాట మీద ఇంక తిట్టలేకపోయాను.

రెండో బస్సులో ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెళ్లాను. షావుకారు గారు గడపలోనే ఉన్నారు. నేను నోరు తెరవకముందే, "పొద్దుట్నుంచి నువ్వు నిద్రపోయావని చెప్పడానికి వచ్చినోళ్లతోనే సరిపోయింది. కండక్టరు వచ్చాడు, పూలామె వచ్చింది, పంతులమ్మ ఫోను చేసింది. ఎవరో రెండు పుంజులతో కూడా వచ్చాడు" అన్నారు. తర్వాత తన జోడు పైకెత్తి నా కళ్లలోకి కాసేపు చూశారు. "తెల్లబడ్డాయి. లోపల నీ బస్సోళ్లు ఇద్దరు కూర్చున్నారు, పోయి చూడు. రేపు మాత్రం టయానికి రా" అన్నారు. చీకటి గదిలోకి వెళ్లి, మొదటి మనిషిని కూర్చోబెట్టి, ఇది బాగుందా అని అడగడం మొదలుపెట్టాను. దసరా వచ్చింది, వెళ్లింది. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు. డాక్టరమ్మ మాత్రం ఆలస్యంగా లేచినందుకు బాగా కేకలేసింది.

ఇప్పుడు నర్సరావుపేటలోనే కాపురం. ఎప్పుడైనా ఒక రాత్రి నిద్ర రాకపోతే లేచి కుర్చీలో కూర్చుంటాను, దానికదే వస్తుంది. రాకపోయినా తెల్లారుతుందని ఇప్పుడు తెలుసు. ఈ మధ్య అమ్మను చూడ్డానికి ఆ దారినే బస్సులో వెళ్లాను. ఎవరి చెవుల్లో వాళ్లకు పాటలు. నేనెవరో ఎవరికీ తెలీదు, రాత్రి పడుకున్నావా అని అడిగేవాళ్లు లేరు. కిటికీ పక్క చల్లగాలికి కన్ను మూతపడబోతే, నియమం గుర్తొచ్చి చెయ్యి గిల్లుకుని నిటారుగా కూర్చున్నాను. డాక్టరమ్మ మాట నూటికి నూరుపాళ్లూ నిజం, నా జబ్బు ఆ బస్సులోనే ఉండేది. అయినా మంచి నిద్ర పట్టే ఈ వయసులో, ఒక బస్సెడు పల్నాటి మనుషులు గొంతు తగ్గించుకుని కాపు కాస్తుంటే తల వాల్చి పడుకున్న ఆ పిల్లను తలుచుకుంటే, నాకు ఇప్పటికీ కొంచెం అసూయగానే ఉంటుంది.