గేటుకు మారక్క చెప్పని అంకె

ఆ రోజు పోయినవి లెక్క వేస్తే ఇవి: గొర్రెపిల్లలకు ఒక పూట పాలు, కాపలాదారు ఓబళేశు క్యారియర్‌లోని రాగిముద్ద, నా ఎడమకాలి చెప్పు, గేటు మీద మా ఇంజనీరుకున్న నమ్మకం. ప్రాణనష్టం లేదు.

కన్నడ సీమలోని తిరుమణి సోలార్ పార్కులో ఒక చిన్న కాంట్రాక్టు కంపెనీ తరఫున నేను ప్రోగ్రాములు రాయడానికి చేరిన రెండో వేసవి అది. అంతకుముందు పావగడలో శెనక్కాయల మిల్లులో లెక్కలు చూసేవాణ్ణి. రూబీ భాష నాకు ఎవరూ నేర్పలేదు. మిల్లులో తూకాలు కూడడానికి నేనే నేర్చుకున్నాను. హోదాలో నా పైన సైట్ ఇంజనీరు. నా కింద ఎవరూ లేరు.

సోలార్ పలకల కింద గడ్డి ఏపుగా పెరిగితే వాటి మీద నీడ పడి కరెంటు తగ్గుతుంది. అందుకని ఒక బ్లాకులో గొర్రెల కాపరి మారక్కను మందను మేపుకోనిచ్చారు. లోపలికి పోయినవన్నీ సాయంత్రం బయటికి రావాలన్నది నిబంధన. అందుకోసం గేటుకు అడ్డంగా ఒక కాంతి కిరణం, ఒక తాళం, నా ప్రోగ్రాం. కిరణాన్ని ఒకటి దాటితే ఒక లెక్క. మందలో ఎన్ని ఉన్నాయో అన్ని దాటగానే తాళం పడుతుంది. సాయంత్రం అన్నే బయటికి రాకపోతే సైరన్ మోగుతుంది.

ఇలా మారే విలువలను ప్రోగ్రాం లోపల రాయకూడదు. విడిగా ఒక సెట్టింగుల ఫైలులో పెట్టాలి. అప్పుడు మంద మారినా ప్రోగ్రాం మార్చనక్కరలేదు. ఆ ఫైలులో 'మంద' అన్న పేరు ఎదురుగా ఒక అంకె కావాలి. మారక్కను అడిగాను.

"లెక్క నోట పలికితే మందకు దిష్టి తగుల్తాదప్పా. పేర్లు అడుగు, చెప్తా."

"మిషన్‌కు పేర్లు తెలీవక్కా."

"అయితే నేర్చుకొమ్మను."

ఆ చోటు ఖాళీగా వదిలాను. ఖాళీ ఉంటే ప్రోగ్రాం ఆగిపోకూడదనీ, ఏదో ఒక అంకెతో నడవాలనీ ఇంజనీరు ఉత్తరువు. పరీక్ష నాడు వాడిన పన్నెండునే ప్రోగ్రాంలో ఉంచాను. పరీక్షకు గొర్రెలు దొరకలేదు. పలకలు కడిగే పన్నెండు మందిని వంగబెట్టి గేటు దాటించాము. వాళ్లలో ఇద్దరు ఆ నేలను పార్కుకు కౌలుకిచ్చినవాళ్లే. సొంత చేన్లోకి ఇలా దూరాల్సి వచ్చిందని నవ్వుకున్నారు. కిరణానికి చెవులు లేవని తెలిసి కూడా ఓబళేశు పక్కన నిలబడి మే మే అన్నాడు.

ప్రారంభం రోజు పొద్దున మారక్క మందను తోలుకొచ్చింది. ముందు నడిచే తల్లిగొర్రెలు పన్నెండు లోపలికి పోయాయి. తాళం పడింది. పిల్లలన్నీ బయట. రెండు వైపులా అరుపులు మొదలయ్యాయి.

"నా తల్లులను జైల్లో పెట్టినావు కదప్పా," అంది మారక్క. "పాలకు పొద్దుపోతాంది."

"అక్కా, మిషన్ ఆకలిగా ఉండాది. ఏదో ఒక అంకె పడేయ్," అన్నాడు ఓబళేశు.

"నీ వయసు పడేయ్ పో."

బయటికి తెరిచే సమయం ఇంకో సెట్టింగు: సాయంత్రం నాలుగు. దాన్ని మార్చే అధికారం కంట్రోల్ రూముది. ఫోన్ చేస్తే కన్నడంలో అర్జీ పంపమన్నారు. నా చేతిలో ఉన్నది మంద అంకె ఒక్కటే. అది సరిచేస్తే మిగిలినవాటికి గేటు తెరుచుకుంటుంది. ఎక్కువ వేస్తే సాయంత్రం సైరన్. తక్కువ వేస్తే మళ్లీ ఇదే గొడవ. నేనే లెక్కపెట్టబోయాను. నా వేలు లేచిన ప్రతిసారీ మారక్క హెయ్ అని అదిలించి మందను కలగలిపేసింది. ఇంజనీరు జీపు మీదికెక్కి లెక్కపెట్టాడు. ఆయనకు ఒక అంకె వచ్చింది, నాకు ఇంకొకటి. మేము వాదించుకుంటుండగా ఒక గొర్రెపిల్ల ఓబళేశు ముద్ద తినేసింది. మిగతావి నన్ను నెట్టుకుంటూ పోయాయి. చెప్పు ఆ తొక్కిసలాటలోనే పోయింది.

చివరికి కరెంటు పోయింది. కనుచూపు మేర పలకలే, ఎండ నెత్తి మీద, గేటుకు మాత్రం ఊరి లైను. కరెంటు ఉన్నంతసేపే పట్టుకునే అయస్కాంతం తాళం కాబట్టి దానంతట అదే వదిలేసింది. పిల్లలు తల్లుల దగ్గరికి పరుగెత్తాయి. కిరణం కూడా ఆరిపోయి ఉంది కాబట్టి ఒక్కదాన్నీ ఎవరూ లెక్కపెట్టలేదు.

"ఇప్పుడు బుద్ధిగా పని చేస్తాండాది," అంది మారక్క.

మర్నాడు ప్రోగ్రాం మార్చాను. రూబీలో సెట్టింగును అడిగే దారులు రెండు. ఒకటి, విలువ లేకపోతే మనం ముందే పెట్టిన అంకెను తీసుకుని నోరెత్తకుండా నడిచిపోతుంది. రెండోది ఫెచ్, ఫైలులో ఆ పేరే లేకపోతే ఏ పేరు లేదో చెప్పి అక్కడే ఆగిపోతుంది. నేను ఫెచ్ పెట్టాను. పేరు ఉండి ఎదురుగా ఖాళీ ఉంటే ఫెచ్ పట్టుకోదు కాబట్టి 'మంద' పేరును ఫైలులోంచి తీసేశాను. అంకె వచ్చిన రోజు రాయవచ్చు. ఆ సంగతి ఇంజనీరుకు చెప్పి సంతకం పెట్టించుకున్నాను. లేని విలువను ఊహతో నింపే ప్రోగ్రాం కంటే ఆగిపోయే ప్రోగ్రాం మేలని ఆ బ్లాకులో నేర్చుకున్నాను. తర్వాత రాసిన వాటన్నిటిలోనూ అదే పద్ధతి పాటించాను.

ఆ ప్రోగ్రాం ఇప్పటికీ సరిగ్గానే ఉంది. పొద్దున మొదలుపెడితే 'మంద' లేదని చెప్పి ఆగిపోతుంది. అప్పుడు ఓబళేశు గేటును తెరిచి తాడుతో కట్టేస్తాడు, మారక్క తోలుకుపోతుంది. నేను ఉద్యోగం మానేశాక కూడా పావగడ బస్టాండులో ఆమె కనిపిస్తే మంద సంగతి అడుగుతుంటాను. పిల్లలన్నీ బాగుండాయని చెబుతుంది. అంకె మాత్రం ఇంకా బాకీయే.